పొద్దున్నే మొరాయించే డెస్క్‌టాప్: మదర్‌బోర్డు మార్చే ముందు

ప్రశ్న: మా ఇంట్లో ఆరేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 10తో నడుస్తోంది. కొన్ని నెలలుగా పొద్దున్న మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర మీద కంపెనీ గుర్తు వచ్చి అక్కడే బిగుసుకుపోతోంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, మళ్ళీ ఆన్ చేస్తే రెండోసారో మూడోసారో మామూలుగా లేస్తుంది. ఇక రాత్రి వరకూ ఏ ఇబ్బందీ ఉండదు. తెలిసిన టెక్నీషియన్ ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా ఎక్కించాడు. వారం బాగుంది, మళ్ళీ మొదటికొచ్చింది. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నెల్ పవర్ 41’ అనే ఎర్ర గుర్తులు వరుసగా కనిపిస్తున్నాయి. వాటిని చూసి మదర్‌బోర్డు పోయిందంటున్నాడు. పిల్లల ఫోటోలు, ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి. బోర్డు మార్చాలా, కొత్త కంప్యూటర్ కొనాలా? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఫోటోల సంగతి చూడండి, మదర్‌బోర్డు సంగతి తర్వాత. ఇవాళ కంప్యూటర్ లేచిన వెంటనే ఫోటోలూ లెక్కల ఫైళ్లూ వేరే డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక వాటిలో నాలుగైదు ఫైళ్లను ఇంకో కంప్యూటర్‌లో తెరిచి, నిజంగానే తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. తర్వాత ఆ డిస్కును తీసి విడిగా దాచండి. మీరు చెప్పిన లక్షణాలకు పాడైపోతున్న హార్డ్ డిస్కు కూడా కారణం కావచ్చు. అదే అయితే అది ఇంకెన్ని రోజులు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. కాపీ పూర్తయ్యే వరకూ డిస్కు తనిఖీ, రిపేరు, మరోసారి ఫార్మాట్ లాంటివేవీ వద్దు. విండోస్ చేసే పూర్తి తనిఖీ డిస్కును మొదటి నుంచి చివరి దాకా చదివిస్తుంది. కొన ఊపిరితో ఉన్న డిస్కు ఆ శ్రమకు తట్టుకోలేకపోవచ్చు. కాపీ చేస్తుండగా క్యాబినెట్ లోంచి టక్కు టక్కుమని ఒకే తీరుగా చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. అప్పుడది పోయిన డేటాను వెలికితీసే నిపుణుల పని.

ఇక ఆ ఎర్ర గుర్తులు. కెర్నెల్ పవర్ 41 అంటే బోర్డు పోయిందనీ కాదు, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) పోయిందనీ కాదు. ‘కిందటిసారి నన్ను పద్ధతిగా ఆపలేదు’ అని విండోస్ రాసుకున్న మాట, అంతే. కరెంటు పోయినా రాసుకుంటుంది, మీరు బటన్ నొక్కిపట్టి ఆపినా రాసుకుంటుంది. విండోస్ మొదలయ్యాక బిగుసుకుపోయి మీరు బలవంతంగా ఆపిన ప్రతిసారీ ఒక 41 పుట్టుకొస్తుంది. దాన్ని సాక్ష్యంగా చూపించి బోర్డు మార్చమనడం అన్యాయం. అదే ఈవెంట్ వ్యూయర్‌లో ‘డిస్క్’ పేరుతో 7వ నంబరు గానీ 153వ నంబరు గానీ, డిస్కు కంట్రోలర్ పేరుతో 129వ నంబరు గానీ ఉందేమో వెతకండి. 7 అంటే డిస్కులో చదవడానికి వీలుకాని చోటు తగిలిందని. 129 అంటే డిస్కు ఎంతకీ బదులివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేయవలసి వచ్చిందని. 153 అంటే డిస్కుకు ఇచ్చిన పని జరగక మళ్ళీ ఇవ్వవలసి వచ్చిందని. మీ విషయంలో ఈ మూడింటికి ఉన్న విలువ 41కి లేదు.

ఫార్మాట్ చేసినా వారానికి తిరిగొచ్చిందన్నారు. ఇది చాలా పనికొచ్చే సమాచారం. పాడైన విండోస్ ఫైలు ఒక్కటే కారణమైతే కొత్త విండోస్‌తో అది పోయి ఉండాలి. పోలేదంటే రెండు దారులున్నాయి. కారణం యంత్ర భాగాల్లో ఉండవచ్చు. లేదా కొత్త విండోస్‌తో పాటే మళ్ళీ వచ్చి చేరే డ్రైవర్‌లోనో (ఒక్కో యంత్ర భాగాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాము) సెట్టింగ్‌లోనో ఉండవచ్చు. ఏదైనా సరే, ఇంకోసారి ఫార్మాట్ చేయడం వల్ల తేలేదేమీ లేదు.

ఇప్పుడు మీ కళ్లతో చూడవలసిన పని ఒకటి ఉంది. కంపెనీ గుర్తు దగ్గర ఆగుతోందని రాశారు. ఆ గుర్తు కింద గుండ్రంగా తిరిగే తెల్ల చుక్కలు ఉన్నాయా, లేవా? ఇప్పటి కంప్యూటర్లలో మదర్‌బోర్డు వేసిన గుర్తును విండోస్ చెరపకుండా అలాగే ఉంచి, దాని కింద తన చుక్కలు తిప్పుతుంది. అందుకే రెండు వేర్వేరు దశలు చూడటానికి ఒకేలా ఉంటాయి. చుక్కలు లేకుండా గుర్తు ఒక్కటే ఉండి ఆగిపోతే, చాలావరకు విండోస్ ఇంకా రంగంలోకి దిగనే లేదు. అక్కడ పని చేస్తున్నది బయోస్, అంటే విండోస్ కంటే ముందే మదర్‌బోర్డు మీద నడిచే ప్రోగ్రాము. అది ర్యామ్‌ను, డిస్కులను, యూఎస్‌బీకి తగిలించిన వాటిని ఒక్కొక్కటిగా పలకరించే దశ అది. చుక్కలు వచ్చి కాసేపు తిరిగి ఆగిపోతే బయోస్ తన పని ముగించి విండోస్‌కు అప్పగించేసినట్టే. అప్పుడు అనుమానం డ్రైవర్ల మీదికి, డిస్కు మీదికి, ఫాస్ట్ స్టార్టప్ (దీని సంగతి కింద చెబుతాను) మీదికి మళ్ళుతుంది. రేపు పొద్దున్న ఆన్ చేసేటప్పుడు ఫోన్‌తో తెరను వీడియో తీయండి. ఏ క్షణాన ఏం జరిగిందో తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు, టెక్నీషియన్‌కూ చూపించవచ్చు.

చుక్కలు ఆగిపోయిన రోజున వెంటనే పవర్ బటన్ మీదికి వెళ్ళకండి. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. ఆ చిన్న దీపం వెలిగి ఆరుతోందా? ఆ దీపాన్ని వెలిగించేది కీబోర్డు కాదు. కంప్యూటర్ ఆ నొక్కును అందుకుని, వెలిగించమని తిరిగి చెబితేనే వెలుగుతుంది. కాబట్టి దీపం స్పందిస్తుంటే లోపల ప్రాసెసర్, విండోస్ ఇంకా పనిచేస్తున్నట్టే, తెర మాత్రమే నిలిచిపోయి ఉండవచ్చు. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ కలిపి నొక్కండి. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మళ్ళీ మొదలుపెట్టే ఆదేశం. చిన్న బీప్ వినిపించి తెర మళ్ళీ కదిలితే నేరం గ్రాఫిక్స్ డ్రైవర్‌దని దాదాపు తేలినట్టే. దీపం అసలు స్పందించకపోతే మాత్రం మొత్తం స్తంభించి ఉండవచ్చు. అప్పుడు కూడా ఒక్కసారికి పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టి చూడండి. ఎక్కువసేపు ఆగి దానంతట అదే లేస్తే, డిస్కు నుంచి రావలసిన సమాధానం కోసం విండోస్ ఎదురుచూసి ఉండవచ్చు. ఆ సేపంతా క్యాబినెట్ మీది డిస్కు దీపం వెలిగే ఉందా, ఆరిపోయిందా అన్నది కూడా గమనించండి.

మీ ఉత్తరంలో నన్ను బాగా ఆలోచింపజేసిన మాట వేరే ఉంది: మొదటిసారి ఆగుతుంది, రెండోసారి లేస్తుంది. ఇది వినగానే చాలామంది ‘చలికి బిగుసుకుంటోంది, వేడెక్కాక పనిచేస్తోంది’ అంటారు. అది నిజం కావచ్చు. కానీ అచ్చం ఇదే లక్షణం చూపించే మరో కారణం విండోస్‌లోనే ఉంది, దాని పేరు ఫాస్ట్ స్టార్టప్. 2012లో విండోస్ 8తో వచ్చింది, ఆ తర్వాతి విండోస్‌లలో చాలా కంప్యూటర్లలో మనం అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. మీరు రాత్రి షట్ డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూతబడతాయి గానీ, విండోస్ కెర్నెల్ (దాని గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లు ఉన్న స్థితి అలాగే డిస్కు మీద ఒక ఫైలుగా భద్రమవుతుంది. పొద్దున్న ఆన్ చేస్తే విండోస్ కొత్తగా మొదలవ్వదు, ఆ ఫైలును మెమరీలోకి లాక్కుని నిన్నటి స్థితిని కొనసాగిస్తుంది. ఏదైనా ఒక డ్రైవర్‌కు అలా మధ్యలోంచి లేవడం చేతకాకపోతే అక్కడే బిగుసుకుంటుంది. మీరు బటన్ నొక్కిపట్టి ఆపేస్తారు. ఆ దెబ్బతో భద్రపరిచిన స్థితి సాధారణంగా రద్దవుతుంది. రెండోసారి విండోస్ మొదటి నుంచీ శుభ్రంగా మొదలవుతుంది, చక్కగా లేస్తుంది. చూసేవాళ్లకు మాత్రం యంత్రం వేడెక్కి పనిచేసినట్టు కనిపిస్తుంది. కొత్తగా విండోస్ ఎక్కించినప్పుడు ఫాస్ట్ స్టార్టప్ కూడా మళ్ళీ ఆన్ అవుతుంది. కొద్ది రోజుల్లో అప్‌డేట్ల ద్వారా అదే పాత డ్రైవర్ వచ్చి చేరవచ్చు. మీ వారం రోజుల సుఖానికి ఇది సరిగ్గా సరిపోయే వివరణ.

ఇది మీ కంప్యూటర్‌లో ఆన్ అయి ఉందో లేదో తేలిగ్గా తెలుసుకోవచ్చు. ఆగకుండా లేచిన రోజున టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ మీద నొక్కండి. అక్కడ ‘అప్ టైమ్’ అని ఒక అంకె ఉంటుంది. ముందురోజు రాత్రే షట్ డౌన్ చేసి పొద్దున్న ఆన్ చేసినా అది ఒకటి రెండు రోజులని చూపిస్తే ఫాస్ట్ స్టార్టప్ నడుస్తున్నట్టే. ఆపడానికి కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్ళండి. పవర్ బటన్ ఏం చేయాలో నిర్ణయించే పేజీ ఎడమవైపు కనిపిస్తుంది. అందులో బూడిద రంగులో ఉన్న వాటిని మార్చుకోనిచ్చే వాక్యం మీద ముందు నొక్కితే, కింద ఫాస్ట్ స్టార్టప్ ఎదుట ఉన్న టిక్కు తీసేయవచ్చు. మార్పును భద్రపరచడం మరవకండి. దీనివల్ల కంప్యూటర్ లేవడానికి మరికొన్ని సెకన్లు పడుతుంది, అంతకుమించి నష్టమేమీ లేదు.

టిక్కు తీయకముందే ఒక పరీక్ష చేయగలిగితే ఇంకా మంచిది. మధ్యాహ్నం కంప్యూటర్ బాగా నడిచి వెచ్చగా ఉన్నప్పుడు షట్ డౌన్ చేసి, ఐదు నిమిషాలు ఆగి ఆన్ చేయండి. రీస్టార్ట్ వద్దు, అది ఎప్పుడూ విండోస్‌ను మొదటి నుంచే మొదలుపెడుతుంది. వెచ్చని కంప్యూటర్ కూడా చుక్కల దగ్గర ఆగిపోతే చలి కారణం కాదు, ఫాస్ట్ స్టార్టప్ మీద అనుమానం బలపడుతుంది. మధ్యాహ్నం ఎన్నిసార్లు చేసినా లేచి, రాత్రంతా ఆగి ఉన్న తర్వాత మాత్రమే మొరాయిస్తే అనుమానం యంత్ర భాగాల మీదికి వెళ్తుంది.

టిక్కు తీశాక వారం పది రోజులు ఇంకేదీ మార్చకండి. మీ సమస్య ఎక్కువగా పొద్దున్నే కనిపిస్తుంది కాబట్టి రోజుకు ఒక్క పరీక్షే దొరుకుతుంది. ఒక పొద్దున బాగుంటే బాగైనట్టు కాదు. ఒకేసారి డ్రైవర్ మార్చి, ర్యామ్ తుడిచి, కేబుల్ మార్చేస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, మళ్ళీ వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. కాగితం మీద తేదీ వేసి, ఆ రోజు ఏం మార్చారో, ఎక్కడ ఆగిందో రాస్తూ రండి.

ఫాస్ట్ స్టార్టప్ తీసేశాక కూడా చుక్కల దగ్గరే ఆగుతుంటే డిస్కు ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము దాన్ని చదివి చూపిస్తుంది. హార్డ్ డిస్కు అయితే 05, సి5, సి6 అనే వరుసల్లో చివరి అంకెలు చూడండి. 05 అంటే పాడైన చోట్లకు బదులుగా డిస్కు వాడేసిన చోట్లు. సి5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి. సి6 అంటే తనిఖీలో కూడా సరిదిద్దలేకపోయినవి. ఇవి సున్నా కాకపోతే, అందులోనూ వారం వారం పెరుగుతుంటే డిస్కు మార్చండి, ఆలోచించనక్కర్లేదు. సి7 అనే వరుస పెరుగుతుంటే మాత్రం డిస్కును నిందించకండి. అది డిస్కుకూ బోర్డుకూ మధ్య రాకపోకల్లో దొర్లిన తప్పుల లెక్క. చాలాసార్లు ఆ రెంటినీ కలిపే సాటా కేబుల్ వదులైనా, పాడైనా పెరుగుతుంది. ఆ కేబుల్ మార్చడం చవకైన పని. ఒకసారి పెరిగిన సి7 అంకె మళ్ళీ తగ్గదు, కాబట్టి కేబుల్ మార్చాక అది అక్కడే నిలిచిందా లేదా అన్నదే చూడాలి.

చుక్కలు రాకముందే ఆగుతుంటే దారి వేరు. మొదట యూఎస్‌బీకి ఉన్నవన్నీ, ప్రింటర్, హబ్, కార్డ్ రీడర్, బయటి డిస్కు, తీసేసి కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంచి కొన్ని పొద్దులు చూడండి. పాడైన ఒక్క పెన్ డ్రైవ్ చాలు, బయోస్‌ను గుర్తు దగ్గర నిలబెట్టడానికి. బయోస్‌లోకి వెళ్ళి గడియారం చూడండి. ప్లగ్గు తీసి ఉంచిన ప్రతిసారీ సమయం తప్పుతుంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. అది ఎక్కువగా 2032 రకం, 3 వోల్టులది. దాన్ని మార్చే ముందు బయోస్ పేజీలన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. బ్యాటరీ తీస్తే సెట్టింగులు మొదటికి వెళ్ళవచ్చు. డిస్కు పనిచేసే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి వేరేదానికి మారితే బాగున్న విండోస్ కూడా లేవదు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ ముందే చేతిలో ఉండాలి. బయోస్‌లో మార్పులు జరిగితే విండోస్ ఆ కీ అడిగే అవకాశం ఉంది, అది లేకపోతే ఫైళ్లు మీవే అయినా మీకు అందవు.

తర్వాత ర్యామ్. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, క్యాబినెట్ లోపలి లోహాన్ని తాకి మీ ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించుకోండి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒకటి తీసేయండి. ఉంచినదాన్ని చివర్ల క్లిప్పులు టక్కుమని పడేదాకా సమంగా నొక్కండి. కొన్ని రోజులు ఒకదానితో, కొన్ని రోజులు రెండోదానితో నడపండి. ఒకదానితోనే ఆగుతుంటే దోషి దొరికినట్టే. వేగం పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే పరీక్షలన్నీ అయ్యేదాకా ఆపండి.  

చలిలో మాత్రమే మొరాయించే యంత్రంలో నేను ఎక్కువగా అనుమానించేది ఎస్ఎంపీఎస్‌ను. దాని లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్లు గడిచే కొద్దీ వాటిలోని ద్రవం ఇంకిపోతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ నిరోధం మరీ ఎక్కువ. అందువల్ల తొలి నిమిషంలో కరెంటు నిలకడగా అందదు. కాస్త వెచ్చబడ్డాక నిరోధం తగ్గి, రోజంతా ఏమీ జరగనట్టు నడుస్తుంది. మదర్‌బోర్డు మీద కూడా ఇలాంటి కెపాసిటర్లు ఉండవచ్చు. పక్క పలక తీసి టార్చి వేసి చూడండి. స్థూపాల్లా నిలబడి ఉన్న వాటి తలలు చదునుగా ఉండాలి. ఉబ్బినా, తల మీద గోధుమ రంగు మరక ఉన్నా అవి పోయినట్టే. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం మీరు తెరవకండి, ప్లగ్గు తీసినా సరే. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాలు తీయగలదు. మల్టీమీటర్‌తో 12 వోల్టుల తీగ సరిగ్గానే ఉందని చూపించినా నమ్మలేం, క్షణకాలం వచ్చే ఒడిదుడుకులు ఆ అంకెలో కనిపించవు. దీనికి నమ్మదగిన పరీక్ష ఒక్కటే: బాగా పనిచేస్తున్న మరో ఎస్ఎంపీఎస్ తగిలించి కొన్ని పొద్దులు చూడటం. మీ టెక్నీషియన్‌ను అడగవలసింది ఇదే. తన దగ్గరున్నది వారం రోజులు అరువుగా పెట్టమనండి.

కారణం విండోస్‌దా, యంత్రానిదా అని ఇంకా ఊగిసలాట ఉంటే, పెన్ డ్రైవ్ నుంచే నేరుగా నడిచే ఉబుంటు లాంటి లైనక్స్‌ను సిద్ధం చేసుకోండి. పొద్దున్న మొదటిసారి దానితోనే ఆన్ చేయండి, డిస్కులో ఏదీ మారదు. కొన్ని పొద్దులు అలా లేచిందంటే ర్యామ్, బోర్డు, ఎస్ఎంపీఎస్ చాలావరకు బాగున్నట్టే. అదీ ఆగిపోతుంటే డిస్కుకు వెళ్ళే రెండు కేబుళ్లూ తీసేసి మళ్ళీ చూడండి. డిస్కు లేకుండా కూడా ఆగిందంటే విండోస్‌కు, డిస్కుకు ఈ కేసులో సంబంధం లేదు.

బోర్డు మార్చమనడానికి ఎప్పుడు ఒప్పుకోవచ్చో ఇప్పుడు చెప్పగలను. బాగున్న ఎస్ఎంపీఎస్ పెట్టి, ఒకే ర్యామ్‌తో, ఆ ర్యామ్‌ను కూడా మార్చి చూసి, డిస్కులూ యూఎస్‌బీలూ ఏవీ లేకుండా ఆన్ చేసినా చుక్కలు రాని గుర్తు దగ్గరే ఆగుతుంటే, అప్పుడు బోర్డు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాన్ని కూడా తీసి చూశాకే. అంతవరకూ వద్దు.

కొత్త కంప్యూటర్ కొనడానికి ఈ ఒక్క జబ్బు చాలిన కారణం కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. కాబట్టి మీ కంప్యూటర్ విండోస్ 11కు మారగలదా అన్నది మాత్రం చూడండి. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతిది కావాలి. ఆరేళ్ల యంత్రాల్లో చాలావాటికి ఆ అర్హత ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రాము మీది సరిపోతుందో లేదో చెబుతుంది. సరిపోతే, అందులో ఇప్పటికీ పాత హార్డ్ డిస్కే ఉంటే, కొత్త కంప్యూటర్ మాట పక్కన పెట్టి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేయించుకోండి. పాత డిస్కును మాత్రం చెరపకుండా, కాపీతో పాటు దాచి ఉంచండి. చుక్కలు ఉన్నాయా లేవా అన్న సంగతి, మధ్యాహ్నం పరీక్షలో ఏం జరిగిందన్న సంగతి నాకు రాయండి. ఆ రెండూ తెలిస్తే తర్వాత ఏం చేయాలో ఇంతకంటే కచ్చితంగా చెబుతాను.